నాఫ్‌ప్లియోస్ దీపం

గురువారం పొద్దున పిరేయస్ రేవు దగ్గరి కాఫీ కొట్లో ఒక మనిషి కాఫీ తాగుతూ తాగుతూ కప్పు మీదికి ఒరిగిపోయాడు. పక్క బల్లల వాళ్లు ఎండదెబ్బ అనుకున్నారు. ఏప్రిల్ చలిగాలిలో ఎండదెబ్బ ఏమిటని ఎవరూ అడగలేదు. ఈస్టర్ ముందు ఎవరి హడావుడి వాళ్లది. అప్పుడే లోపలికి అడుగుపెట్టిన ఫెడోన్ వ్రెట్టోస్ మాత్రం రెండంగల్లో బల్ల చేరి, ఆ మనిషి పెదవుల దగ్గర చెవి పెట్టాడు. చనిపోతున్నవాడు అతని ఇన్ఫార్మరే.

"అమిమోనీ ఓడ... నాఫ్‌ప్లియోస్... దీపం వెలిగిస్తాడు..."

అంతే, ప్రాణం పోయింది. విషం కలిపినవాడు పండగ శుభాకాంక్షలు చెప్పి మరీ వెళ్లాడని కొట్టువాడు లబోదిబోమన్నాడు.

కాసేపటికి వ్రెట్టోస్ ఏథెన్స్‌లో, రహస్య విభాగం అధిపతి కల్నల్ జెర్వాస్ గదిలో ఉన్నాడు. కిటికీ నుంచి తలుపుకీ, తలుపు నుంచి కిటికీకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆ ఆఫీసులో అతనికి కుర్చీ వెయ్యడం ఏనాడో మానేశారు.

"అమిమోనీ మన నౌకాదళం ఓడ," అన్నాడు కల్నల్. "నిన్న సలోనికాలో బయల్దేరింది. రేపు చీకటిపడే వేళకి మీ నాఫ్‌ప్లియో రేవు చేరాలి. అందులో ఒక పెట్టె ఉంది. సముద్రం అడుగున సబ్‌మెరైన్ కదిలితే చాలు, పట్టేసే యంత్రం. దాని మీద ఓ విదేశీ ముఠా కన్నేసింది. ఓడని లోతు తక్కువ చోట బండలకి కొట్టించి, డైవర్లతో పెట్టె తీయించుకోవాలని ప్లాను. ఆపరేషన్ పేరు నాఫ్‌ప్లియోస్."

"ఓడకి కబురు పెట్టండి."

"కుదర్దు. మన కోడ్ వాళ్ల చేతిలో పడింది. అందుకే ఓడ రేడియో కట్టేసుకుని వస్తోంది. చెప్పదు, వినదు."

"చుక్కాని దగ్గర ఎవరు సర్?"

కల్నల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీకు తెలుసు కదయ్యా."

తెలుసు. తమ్ముడు స్త్రాటోస్. పండక్కి ఇంటికొస్తున్నానని సలోనికా నుంచి ఫోన్ చేసి, వెధవ, ఈస్టర్‌కి ఎర్రరంగు వేసే కోడిగుడ్లు తనకి రెండు ఎక్కువ వెయ్యమని కూడా చెప్పాడు. 

"కథ గుర్తుందా?" అన్నాడు కల్నల్. ఆయన పురాణాలు బాగా చదువుకున్న మనిషి. సందు దొరికితే వదలడు. "అమిమోనీ అనే రాజకుమారి నీళ్ల కోసం వెళ్లి సముద్ర దేవుడు పొసీడన్ కంట్లో పడింది. వాళ్ల కొడుకు నాఫ్‌ప్లియోస్. మీ ఊరు కట్టినవాడు, పేరిచ్చినవాడు. అతని కొడుకు పలమిదిస్. ట్రాయ్ యుద్ధంలో సొంత సైన్యమే పలమిదిస్ మీద లేనిపోని నింద వేసి రాళ్లతో కొట్టి చంపింది. తండ్రి పగబట్టాడు. యుద్ధం ముగిసి ఓడలు ఇంటిదారి పడితే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కఫిరేయస్ అగ్రం మీద దొంగ దీపాలు పెట్టాడు. రేవనుకుని వచ్చిన ఓడలన్నీ బండల మీద పడి నుగ్గయ్యాయి."

"దీపాలు పెట్టినాయన వేరు సర్. మా ఊరు కట్టినాయన ఆయనకి ముత్తాతకి ముత్తాత."

"నాఫ్‌ప్లియోలో పుట్టిన ప్రతివాడూ ఈ మాటే అంటాడు. సర్లే. మన యూలియా కూడా కఫిరేయస్ అనే కబురు పంపింది. ఈ రాత్రి ఓడ ఆ అగ్రం చుట్టే రావాలి. గస్తీ పడవలన్నీ అక్కడ పెడుతున్నాను."

యూలియా సరందారి అలెగ్జాండ్రియా గ్రీకు పిల్ల. ఫొటోగ్రాఫర్. ముఠాలో మన తరఫున ఉంటోంది. మన దగ్గర వాళ్ల తరఫున ఉంటోందని కూడా కొందరంటారు. ఆమె నవ్వితే ఆ అనుమానం తీరదు, పెరుగుతుంది.

"నేను నాఫ్‌ప్లియో వెళ్తాను," అన్నాడు వ్రెట్టోస్.

"అక్కడేముందని?"

"ఏమో సర్. కాలు నిలవడం లేదు."

"ఎప్పుడు నిలిచింది గనక! వెళ్లు. కానీ మీ ఊరివాళ్లెవరూ గుర్తుపట్టకూడదు."

సామాన్ల విభాగం వాళ్లు అతనికి నల్లటి అంగీ, గుండెల దాకా గడ్డం, గొలుసులున్న ఇత్తడి ధూపపాత్ర ఇచ్చారు. పాత్ర మూత మీద ఒక చిన్న గొళ్లెం. అది జారిస్తే సాంబ్రాణి కాదు, కళ్లు మండే పొగ వస్తుంది. "పొరపాటున గుళ్లో జార్చకండి ఫాదర్," అని ఇకిలించారు.

ఫాదర్ వేషం ఎంత తప్పో నాఫ్‌ప్లియోలో బస్సు దిగగానే తెలిసింది. గుడ్ ఫ్రైడే. గంటలు ఒక్కొక్కటిగా విషాదంగా మోగుతున్నాయి. మఠం నుంచి వచ్చిన కొత్త సన్యాసి అనుకుని ఊరంతా చెయ్యి ముద్దుపెట్టుకోవడానికి ఎగబడింది. వంద గజాలు నడవడానికి అతనికి పట్టిన టైములో ఇంకొకడు కొండెక్కి దిగేవాడు. ఒకావిడ చెయ్యి వదలకుండా ఆడపడుచు మీద తను చేసిన పాపాలన్నీ వరసగా చెప్పేసింది. వ్రెట్టోస్ ఓపిక పట్టలేక సగంలోనే అన్నిటికీ క్షమాపణ ఇచ్చేశాడు.

మధ్యాహ్నం పోస్టాఫీసు నుంచి కల్నల్‌కు ఫోన్ చేశాడు.

"శుభవార్త," అన్నాడు కల్నల్. "ఓడ కఫిరేయస్ దాటేసింది. దీపమూ లేదు, గీపమూ లేదు. మన పడవల్ని చూసి జడుసుకున్నట్టున్నారు. నువ్వు ఇంత శనగల చారు తాగి వచ్చెయ్."

"శనగలు కాదు సర్, ఇవాళ ఉపవాసానికి మసూరు పప్పు. వెనిగర్ పోసుకుని."

"ఏదో ఒకటి తిని వచ్చెయ్!"

తినబుద్ధి కాలేదు. నీళ్ల ఒడ్డున ఉన్న కాఫీ హోటల్లో యూలియా కూర్చుని ఉంది. నల్ల బట్టలు, నల్ల కళ్లద్దాలు, పక్కన కెమెరా. ఊరి మగవాళ్లు ప్రభువు కోసం ఏడవాల్సిన రోజున ఆమె వైపే చూస్తున్నారు.

"ఈసారి నారింజ పూత ఎలా ఉంది తల్లీ?" అన్నాడు వ్రెట్టోస్. కోడ్ మాట.

"సముద్రపు గాలి తగిలింది ఫాదర్," అంటూ ఆమె వంగి చెయ్యి ముద్దుపెట్టుకుంది. పెదవులు చల్లగా ఉన్నాయి. "మీరెందుకొచ్చారు? కఫిరేయస్ అని చెప్పానుగా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ప్రొఫెసర్ వాన్ష్."

వ్రెట్టోస్‌కు ఆ పేరు తెలుసు. రెండేళ్లుగా నాఫ్‌ప్లియోలో మకాం పెట్టి, ఊరి పేరు మీద పరిశోధన చేస్తున్న విదేశీ పండితుడు. ముఠాకి పెద్ద తలకాయ అతనేనని విభాగానికి అనుమానం, రుజువు మాత్రం లేదు. గ్రీకు గ్రీకువాళ్లలా మాట్లాడతాడు. ఊరివాళ్లకి అతనంటే మహా ఇష్టం.

"ఎక్కడున్నాడిప్పుడు?"

"ఏథెన్స్ వెళ్లాడు. నన్ను ఇక్కడే ఉండమన్నాడు." ఆమె కప్పులో అడుగున మిగిలిన మడ్డి వైపు చూసింది. "మీరు వెళ్లిపోతే మంచిది ఫాదర్. నిజంగా చెప్తున్నా."

అది హెచ్చరికో బెదిరింపో అతనికి తేలలేదు. లేచి ఊరంతా తిరిగాడు. రేవు, కోట గుమ్మం, చేపల సంత, మళ్లీ రేవు. రేవు నుంచి సముద్రంలోకి సాగిన గట్టు చివర దీపస్తంభం బుద్ధిగా నిలబడి ఉంది. ఎక్కడా ఏమీ లేదు. సూర్యుడు మాత్రం ఎవరో తరుముతున్నట్టు దిగిపోతున్నాడు.

చివరికి సెయింట్ జార్జి గుళ్లోకి దూరాడు. ఆడవాళ్లు ప్రభువు పూలపాడెను అలంకరిస్తున్నారు. సందెవేళ ఆ పాడెను మోసుకుంటూ, కొవ్వొత్తులు పట్టుకుని ఊరు ఊరంతా వీధుల్లో నడుస్తుంది. నారింజ పూలు గుచ్చుతున్న వాళ్లలో అతని పిన్ని అర్గిరో కూడా ఉంది. తల్లి పోయాక అన్నదమ్ములిద్దర్నీ పెంచింది ఆవిడే. వచ్చి వంగి చెయ్యి ముద్దుపెట్టుకుంది. ఆ చేతినే గట్టిగా గిల్లింది.

"దొంగ సచ్చినోడా! ఎప్పుడు సన్యాసం పుచ్చుకున్నావురా? మీ అమ్మ పోలిక గడ్డం పెడితే పోతుందా?"

"పిన్నీ, గట్టిగా అనకు. డ్యూటీలో ఉన్నా."

"గుడ్ ఫ్రైడే పూట దేవుడి వేషమా నీ డ్యూటీ? స్త్రాటోస్ వస్తున్నాడు, తెలుసా? వాడికి ఎర్రగుడ్లు..."

ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది. ఆడవాళ్లందరూ తలలెత్తారు.

టక్. టక్. టక్.

కొండ అవతల నుంచి, అర్వనీటియా ఒడ్డు వైపు నుంచి, గాలి మీద తేలి వస్తోంది. మేకు మీద సుత్తి చప్పుడు.

"అయ్యో ప్రభువా!" అందొకావిడ శిలువ గుర్తు వేసుకుంటూ. "ఇవాళ మేకు కొడుతున్నారే!"

"ప్రభువుకి మేకులు కొట్టిన రోజున!" పిన్ని కళ్లు ఎర్రబడ్డాయి. "ఏ పాపిష్టివాడురా వాడు? ఆ దేవుడే లేడనే మంగలి థానాసిస్ కూడా ఇవాళ గోడకి చీల కొట్టడు కదే!"

"దారి పక్క కమ్మీలు బాగుచేయడానికి పక్క జిల్లా ట్రిపోలీ నుంచి మున్సిపాలిటీ పనివాళ్లొచ్చారు కదక్కా. వాళ్లేమో."

"ట్రిపోలీలో మాత్రం క్రైస్తవులు లేరా? గ్రీకు తల్లికి పుట్టినవాడెవడూ ఇవాళ సుత్తి పట్టడు."

వ్రెట్టోస్ అప్పటికే గుమ్మం దాటాడు. గ్రీకు తల్లికి పుట్టినవాడు పట్టడు. అయితే పట్టినవాడెవడు? అంగీ పైకి ఎగగట్టి పరుగెత్తాడు. ముద్దుకోసం చేతులు చాచినవాళ్లని ఎడాపెడా తోసుకుంటూ పోయాడు. "ఈ ఫాదర్‌కి కడుపునొప్పి కాబోలు," అన్నారెవరో జాలిగా.

అర్వనీటియా దాటాక కొండ ముక్కు సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట, మున్సిపాలిటీ టార్పాలిన్ వెనక కొత్త చెక్కలతో ఒక ఎత్తైన మంచె ఉంది. దాని మీద రేవు దీపం లాంటి ఆకుపచ్చ గాజు దీపం. గాలికి ఊగుతున్న కాలుకి ఒక పనివాడు ఆఖరి మేకు కొడుతున్నాడు. పక్కన పైపు నోట్లో పెట్టుకుని ప్రొఫెసర్ వాన్ష్. ఏథెన్స్‌లో కాదు, ఇక్కడే. కింద నీళ్లలో బండలు పళ్లు బయటపెట్టి ఉన్నాయి.

వ్రెట్టోస్ జేబులో చెయ్యి పెట్టేలోపు వీపుకి తుపాకీ ఆనింది. వెనక నుంచి సెంటు వాసన.

"చేతులెత్తండి ఫాదర్," అంది యూలియా. "వెళ్లిపొమ్మన్నానుగా."

అతన్ని మంచె కాలుకి కట్టేశారు. ధూపపాత్ర చూసి పనివాళ్లు నవ్వి కాళ్ల దగ్గరే పడేశారు. చీకటి ముసురుతోంది. ప్రొఫెసర్ స్విచ్ వేశాడు. ఆకుపచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ మొదలెట్టింది. దూరాన నల్లటి నీళ్ల మీద ఒక చిన్న తెల్ల దీపం కనబడింది. అమిమోనీ.

"రేవు దీపం తీగ ఇందాకే తెంపించాను," అన్నాడు ప్రొఫెసర్, క్లాసులో పాఠం చెబుతున్నట్టు. "ఊరేగింపు కోసం మీ వీధి దీపాలు మీరే ఆర్పుకుంటారు. ఇక మిగిలింది ఇదొక్కటే. మీ ఊరి మూలపురుషుడు చేసిన పనే చేస్తున్నాను. మీరు గర్వపడాలి."

"ఆయన వేరు! ఎన్నిసార్లు చెప్పాలి?" వ్రెట్టోస్ అరిచాడు. తాళ్లు కోసుకుపోతున్నాయి, తమ్ముడి ఓడ దగ్గరవుతోంది, అయినా ఆ మాట పడలేకపోయాడు. "మా ఊరు కట్టినవాడు ఓడలకి రేవు ఇచ్చాడు. ముంచినవాడు ఎప్పుడో తర్వాతివాడు!"

"కొందరు పూర్వులు ఇద్దరూ ఒకరే అన్నారు. దీర్ఘాయుష్మంతుడట."

"నువ్వేమన్నా అనుకో. ఆ ఓడలో ఎనభైమంది ఉన్నారు. చుక్కాని పట్టింది నా తమ్ముడు!"

యూలియా గిరుక్కున తిరిగింది. "ఎనభైమందా? ప్రొఫెసర్, ఓడ ఇసుకలో దిగబడుతుంది, ఒంటిమీద గీత కూడా పడదు అన్నారు. పెట్టె మాత్రమే అన్నారు!"

"పురాణంలో ఎవరు బతికి ఒడ్డెక్కారమ్మా?" అన్నాడు వాన్ష్, పైపు తీయకుండానే.

నీళ్ల మీది తెల్ల దీపం మెల్లగా పక్కకి జరిగింది. ఓడ తిరుగుతోంది. ఇటే. స్త్రాటోస్ ఆకుపచ్చ దీపాన్ని నమ్మాడు. వ్రెట్టోస్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. చెప్పు విదిల్చి, కాలు చాపి, బొటనవేలితో ధూపపాత్ర గొళ్లెం లాగాడు.

బుస్సుమని తెల్లటి పొగ లేచి, గాలికి పనివాళ్ల వైపు మళ్లింది. పనివాళ్లు కళ్లు పట్టుకుని కూలబడ్డారు. ప్రొఫెసర్ దగ్గుతూ తుపాకీ తీశాడు. రెండు తూటాలు పేలాయి. ఒకటి యూలియా భుజాన్ని రాసుకుపోయింది. రెండోది ఆమె పేల్చింది. ఆకుపచ్చ గాజు ముక్కలై వాళ్ల నెత్తిన రాలింది.

ఆమె ప్రొఫెసర్ తుపాకీని నీళ్లలోకి తన్నేసి, ఒక చేత్తో తనది వాళ్ల వైపు గురిపెట్టి, ఇంకో చేత్తో అతని కట్లు కోసింది. చెయ్యంతా నెత్తురు.

"వీళ్లని నేను చూసుకుంటా. పరుగెత్తండి!"

"నిన్నెలా నమ్మను?"

"నమ్మకండి. పరుగెత్తండి!"

వెనక నుంచి ప్రొఫెసర్ దగ్గుతూనే నవ్వుతున్నాడు. "ఇంకా మంచిది! ఇప్పుడు వాళ్లకి ఏ దీపమూ లేదు. ప్రవాహం ఇటే లాగుతుంది. ఎటు తిప్పుకోవాలో వాడికెలా తెలుస్తుంది?"

నిజమే. దొంగ దీపం పోయింది, అసలు దీపం లేదు. వ్రెట్టోస్ కోట కింద దారి వెంట ఊపిరి తెగేలా ఉరికాడు. నీళ్ల ఒడ్డున మలుపు తిరిగేసరికి ఎదురుగా వందలాది కొవ్వొత్తులు. ఊరేగింపు. కానీ కదలడం లేదు. సెయింట్ జార్జి వాళ్ల పూలపాడె, సెయింట్ స్పిరిడోన్ వాళ్ల పూలపాడె వీధి మొదట్లో ఎదురుపడి ఆగిపోయాయి.

"ముందు మాది పోవాలి! మా తాతల నాటి హక్కు!"

"మీ తాత మా గుళ్లో కొవ్వొత్తులు ఎత్తుకుపోయినోడు!"

"నెమ్మది, నెమ్మది, పవిత్రమైన రోజు," అంటున్నాడు సెయింట్ జార్జి గుడి ఫాదర్ లాంబ్రోస్, అవతలివాళ్లని మోచేత్తో నెడుతూ.

వ్రెట్టోస్ గడ్డం పీకి అవతల పారేశాడు. జనం కెవ్వుమన్నారు.

"నేను ఫెడోన్ని! రేవు దీపం ఆర్పేశారు! ఓడ బండల మీదికి పోతోంది! అందరూ గట్టు మీదికి రండి, కొవ్వొత్తులతో, చివరిదాకా!"

"అది దారి కాదు నాయనా," అన్నాడు ఫాదర్ లాంబ్రోస్. "పూలపాడె ఏనాడూ గట్టు మీదికి పోలేదు. ఆచారం..."

"స్త్రాటోస్ ఉన్నాడు పిన్నీ ఆ ఓడలో! మన స్త్రాటోస్!"

అర్గిరో పిన్ని ఇంకేమీ వినలేదు. ముందు నడిచేవాడి చేతిలోంచి పెద్ద లాంతరు లాక్కుంది. "ఆచారం నా నెత్తిన పెట్టండి!" అంటూ గట్టు మీదికి పరుగుతీసింది. అరవై దాటిన మనిషి, చెప్పులు ఎక్కడో వదిలేసింది. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత సముద్రంలో కొడుకున్న ప్రతి తల్లీ ఆవిడ వెనక కదిలింది. సెయింట్ జార్జి వాళ్లు వెళ్తే సెయింట్ స్పిరిడోన్ వాళ్లు ఆగుతారా? పూలపాడెలు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ గట్టెక్కాయి.

గాలికి కొవ్వొత్తులు ఆరిపోతున్నాయి. పక్కవాడి మంటతో వెలిగించుకుంటున్నారు. మళ్లీ ఆరుతున్నాయి, మళ్లీ వెలుగుతున్నాయి. గట్టు పొడవునా, చివరి దీపస్తంభం దాకా మంటల బారు పరుచుకుంది. వ్రెట్టోస్ అందరికంటే చివర, నీళ్ల అంచున నిలబడి, పిన్ని చేతిలోని లాంతరు తీసుకుని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకున్నాడు. ప్రార్థించడం మర్చిపోయి చాలా ఏళ్లయింది. ఒక్క మాటే వచ్చింది. తిప్పరా. తిప్పరా, తమ్ముడూ.

తెల్ల దీపం బండల వైపే పోతోంది. ఇంకా పోతోంది. విలాప గీతం పాడుతున్న గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బండల మీద విరిగే నురుగు కూడా కనబడేంత దగ్గరికి పోయింది. అప్పుడు ఆ దీపం వణికినట్టయి, గుండె జారేంత మెల్లగా పక్కకి తిరిగింది. ఓడ కూత పెట్టింది.

గట్టు మీద జనం ఏడ్చారు, నవ్వారు. గుడ్ ఫ్రైడే అని గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నారు. అర్గిరో పిన్ని మాత్రం చతికిలబడి తలగుడ్డలో మొహం పెట్టుకుని ఎంతసేపటికీ లేవలేదు.

పోలీసులు కొండ ముక్కు దగ్గరికి పోయేసరికి ప్రొఫెసరూ పనివాళ్లూ వాళ్లు తెచ్చుకున్న తాళ్లతోనే కట్టేసి ఉన్నారు. యూలియా లేదు. వాళ్ల మోటారు పడవా లేదు. ఆమె ఎవరి మనిషో కల్నల్ ఫైల్లో ఇప్పటికీ పెన్సిల్‌తోనే రాసి ఉంటుంది.

ఓడ గట్టుకి చేరగానే స్త్రాటోస్ నిచ్చెన వేసేదాకా కూడా ఆగకుండా దూకాడు. వ్రెట్టోస్ వాణ్ణి పట్టుకుని వదల్లేదు. తర్వాత, పొద్దున్నించి మొదటిసారి, అక్కడే తాళ్లు చుట్టే దిమ్మ మీద కూర్చుండిపోయాడు.

"ఎలా తెలిసిందిరా, ఇది రేవని?"

"నీ బొంద, చచ్చాననుకున్నా," అన్నాడు స్త్రాటోస్. "ముందు ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. కెప్టెన్‌కి చెమటలు పట్టాయి. తర్వాత ఈ మంటల బారు కనబడింది. ఇదీ దొంగ దీపమేమో, నమ్మొద్దు అన్నాడాయన. నేను బైనాక్యులర్స్‌లో చూసి, కాదు సర్, మధ్యలో రెండుచోట్ల తోసుకుంటున్నారు చూడండి అన్నా. శత్రువు పెట్టిన దీపాలైతే బుద్ధిగా వరసలో నిలబడేవి. ఇది మా ఊరే, తిప్పేస్తున్నా అని తిప్పేశా."

వాళ్ల వెనక గట్టు మీద, ఓడకి ముందు కనబడింది ఎవరి గుడి కొవ్వొత్తులన్న విషయం మీద రెండో గొడవ అప్పుడే మొదలైంది.